క్యారెట్, సెలరీ: గింజ నుంచి కోత దాకా

గ్రాము క్యారెట్ గింజల్ని లెక్కపెడితే సుమారు 800 ఉంటాయి. అదే గ్రాము సెలరీ (కాడలు, ఆకుల కోసం పెంచే కూర మొక్క) గింజలైతే 2,000 దాటుతాయి. ఇంత చిన్న గింజలో మొలక కోసం దాచిన తిండి ఏపాటిది ఉంటుంది? పైగా ఈ రెండింటిలోనూ, గింజ రాలే నాటికి లోపలి పిండం పూర్తిగా ఎదిగి ఉండదు. తడి తగిలాక అది ముందు గింజలోపలే పెరగాలి, ఆ తర్వాతే వేరు బయటికి వస్తుంది. చిక్కుడు గింజ నాలుగైదు రోజుల్లో తల ఎత్తితే, ఇవి రెండు మూడు వారాలు కదలకుండా కూర్చునేది అందుకే.

ఈ రెండు మూడు వారాల్లో ఒక్క మధ్యాహ్నం పైమట్టి ఎండిపోతే చాలు, లోపల అప్పుడే పగిలిన మొలక చచ్చిపోతుంది. మనకది కనిపించదు కాబట్టి గింజలు మంచివి కావని ప్యాకెట్‌ని తిట్టుకుంటాం. నేనూ మొదటి రెండేళ్లు అదే పని చేశాను. మూడో ఏడు అదే ప్యాకెట్లో మిగిలిన గింజల్ని తడి గోనెపట్టా కింద వేస్తే మడంతా పచ్చబడింది. అప్పుడు అర్థమైంది, తప్పు ఎవరిదో.

కొత్తిమీర, సోంపు, వాము, జీలకర్ర లాగా ఈ రెండూ గొడుగు ఆకారంలో పూసే ఒకే కుటుంబం మొక్కలు. గుణం మాత్రం పూర్తిగా వేరు. క్యారెట్‌ని వేసిన చోటు నుంచి కదపకూడదు, బలమైన ఎరువు పెట్టకూడదు, మొలిచాక దాని మానాన దాన్ని వదిలేయాలి. సెలరీ అలా కాదు. నారు పోసి, మార్చి నాటి, రోజూ నీళ్లు చూసుకుంటూ చంటిపిల్లలా సాకాలి. ఒకదానికి చేసే సేవ రెండోదానికి చేస్తే రెండూ పాడవుతాయి.

ముందు వాతావరణం లెక్క

రెండూ చల్లని కాలం పంటలే. పగటి ఉష్ణోగ్రత 15 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే మూడు నాలుగు నెలలు మీకు ఏడాదిలో ఎప్పుడు దొరుకుతాయో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. క్యారెట్ విత్తిన దగ్గర నుంచి రకాన్ని బట్టి 70 నుంచి 110 రోజులు పడుతుంది. సెలరీకి నారు దశే రెండు రెండున్నర నెలలు, నాటాక మరో 85 నుంచి 120 రోజులు. అంటే సెలరీ నారు పోయాల్సిన రోజుకి బయట ఇంకా చల్లదనం రాకపోవచ్చు. నీడలో, ఇంట్లో నారు పెంచడం తప్పనిసరి అయ్యేది అందుకే.

మొలకకు కావలసిన వేడి విషయంలో రెండింటి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. క్యారెట్ గింజ 10 డిగ్రీల మట్టిలో మొలవడానికి దాదాపు 17 రోజులు తీసుకుంటుంది, 15 డిగ్రీల్లో 10 రోజులు, 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఆరేడు రోజులు. 35 దగ్గర మళ్లీ నెమ్మదిస్తుంది. సెలరీ 15 డిగ్రీల దగ్గర 12 రోజులు, 20 దగ్గర వారం రోజులు తీసుకుంటుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అసలు మొలవనే మొలవదు. గింజ చావదు, నిద్రలోకి జారుకుంటుంది. ఇవన్నీ తడి ఒకేలా ఉంచిన పరీక్షల్లో వచ్చిన లెక్కలు. మన మడిలో ఇంకో వారం కలుపుకోండి.

చలి కూడా శ్రుతి మించకూడదు. లేత సెలరీ మొక్కలు వరుసగా పది రోజులకు పైగా 10-12 డిగ్రీలకన్నా తక్కువ చలిలో ఉంటే చలికాలం గడిచిపోయిందనుకుని, కాస్త వేడి తగలగానే పూత కాడ వేసేస్తాయి. ఇక ఆ మొక్క కాడలు పీచు, చేదు. క్యారెట్‌లోనూ ఇదే జరుగుతుంది కానీ అంత తొందరగా కాదు.

రకం ఎంచుకోవడం

క్యారెట్‌లో రంగు చూసి రకం ఎంచుకుంటారు చాలామంది. నన్నడిగితే ముందు మీ మట్టి చూసి, దానికి సరిపోయే ఆకారం ఎంచుకోండి. రంగు తర్వాత చూడొచ్చు.

నాంటెస్ రకాలు పైనుంచి కిందికి ఒకే లావు, కొస మొద్దుగా ఉంటుంది. 15-18 సెం.మీ. పొడవు, లోపలి బొడ్డు సన్నం, తీపి ఎక్కువ, కొరికితే కరకరలాడుతుంది. ఫ్రాన్స్‌లోని నాంట్ నగరం పేరు మీద వచ్చిన రకం. వదులుగా ఉన్న మంచి మట్టి ఉంటే మొదటి ఓటు దీనికే. షాంటెనే పొట్టిగా, భుజాలు వెడల్పుగా, కిందికి సన్నబడుతూ ఉంటుంది. నల్లరేగడి లాంటి బరువు మట్టిలో కూడా దిగుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఊరి పేరుతో వచ్చిన డాన్వర్స్ ఈ రెండింటికీ మధ్యస్థం, నిల్వకు బాగుంటుంది. ఇంపరేటర్ రకాలు 20-25 సెం.మీ. దాకా సన్నగా పొడుగ్గా దిగుతాయి. అడుగున్నర లోతున రాయి రప్ప లేని ఇసుక నేల ఉంటే తప్ప వీటి జోలికి పోవద్దు. కుండీల్లో పెంచేవాళ్లకు, గట్టి నేల ఉన్నవాళ్లకు పారిస్ మార్కెట్ అనే గుండ్రని రకం మేలు. చిన్న బంతంత వస్తుంది, లోతు అక్కర్లేదు.

వేడి ఎక్కువగా ఉండే చోట జపాన్‌లో తయారైన కురోడ రకం, లేదా ఎరుపు, ఊదా రంగుల్లో వచ్చే ఆసియా రకాలు నిలబడతాయి. పూసా రుధిర ఇలాంటి ఎర్ర రకమే. ఆసియా రకాలకు పూత రావడానికి గట్టి చలి అక్కర్లేదు. విత్తనం కట్టుకోవడానికి ఇది లాభం, ఆలస్యంగా పీకితే అప్పటికే పూతకొచ్చి నష్టం.

రంగుల సంగతి చెప్పాలంటే, నారింజ రంగు బీటా కెరోటిన్ వల్ల, ఎరుపు లైకోపీన్ వల్ల, పసుపు లూటిన్ వల్ల, ఊదా ఆంథోసయనిన్ల వల్ల. క్యారెట్ మొదట సాగయింది మధ్య ఆసియాలో, దాదాపు పదో శతాబ్దం నాటికి. అప్పుడు ఉన్నవి ఊదా, పసుపు రకాలే. మనం క్యారెట్ అనగానే కళ్లముందు మెదిలే నారింజ రంగు 16-17 శతాబ్దాల్లో నెదర్లాండ్స్‌లో స్థిరపడింది.

సెలరీలో మూడు జాతులున్నాయి, ప్యాకెట్ కొనేటప్పుడు చూసుకోండి. లావు కాడల కోసం పెంచేది ఒకటి. ఇందులో టాల్ యూటా, యూటా 52-70 లాంటి పచ్చ రకాలు, గోల్డెన్ సెల్ఫ్ బ్లాంచింగ్ లాంటి లేత పసుపు రకాలు, జైంట్ రెడ్ లాంటి ఎర్ర కాడల రకాలు ఉన్నాయి. రెండోది ఆకు సెలరీ. కాడలు సన్నం, లోపల బోలు, వాసన ఘాటు. మూడోది గడ్డ సెలరీ, కాండం అడుగు భాగం గడ్డలా ఊరుతుంది. జైంట్ ప్రేగ్ దీనిలో పాతకాలపు రకం.

ఇంతకు ముందు సెలరీ పెంచకపోతే ఆకు సెలరీతో మొదలుపెట్టండి. నీళ్లు ఒకరోజు ఆలస్యమైనా ఓర్చుకుంటుంది, కోసిన కొద్దీ చిగురిస్తుంది. గింజ మొలిపించడం, నారు సాకడం మాత్రం మూడింటికీ ఒకటే పద్ధతి కాబట్టి చెయ్యి తిరుగుతుంది.

క్యారెట్‌కి మడి

క్యారెట్ ఆకారం మొలిచిన మొదటి మూడు నాలుగు వారాల్లోనే ఖాయమైపోతుంది. మొలక ముందుగా సన్నటి తల్లివేరును నేరుగా కిందికి దించుతుంది. ఆ వేరు ఎంత లోతుకి దిగితే దుంప అంత పొడవు. దారిలో రాయి, గట్టి గడ్డ, చివకని ఎరువు ముద్ద ఏది తగిలినా కొస దెబ్బతిని వేరు రెండు మూడు కాళ్లుగా చీలిపోతుంది. పీకినప్పుడు కనిపించే బొమ్మలాంటి వింత ఆకారాలన్నీ అప్పుడు జరిగిన ప్రమాదాలే.

కాబట్టి కనీసం 30 సెం.మీ. లోతు తవ్వండి. గడ్డలు చితక్కొట్టి, రాళ్లు ఏరేయండి. మట్టి పిడికిట్లో పట్టి వదిలితే పొడిపొడిగా రాలాలి. అలా రాలకపోతే ఇసుక, బాగా చివికిన ఆకు ఎరువు కలిపి, నేల మట్టానికి 15-20 సెం.మీ. ఎత్తుగా మడి లేపండి. బరువు మట్టి ఉన్నవాళ్లకు ఎత్తు మడి కన్నా సులువైన దారి లేదు. పీహెచ్ (మట్టి పులుపు, క్షార గుణాల కొలత) 6 నుంచి 6.8 మధ్య ఉంటే చాలు.

ఎరువు దగ్గర చెయ్యి బిగపట్టుకోండి. పచ్చి పేడ ఎరువు వేసిన మడిలో క్యారెట్లు వెంట్రుకల్లాంటి వేళ్లతో, చీలికలతో వస్తాయి. నత్రజని ఎక్కువైతే పైన ఆకు అడవిలా పెరిగి కింద దుంప చూపుడు వేలంత ఉంటుంది. ముందు పంటకు బాగా ఎరువు వేసిన మడిలో, ఆ పంట అయ్యాక క్యారెట్ వేయడం అన్నిటికన్నా మంచి పద్ధతి. విడిగా వేయాలంటే పూర్తిగా చివికిన కంపోస్టు రెండు వేళ్ల మందం, కాస్త కట్టె బూడిద సరిపోతాయి.

విత్తడం, ఆ తర్వాత రెండు వారాలు

క్యారెట్‌ని నారు పోసి నాటకండి. ప్రోట్రేలో (నారు పెంచే గుంతల ట్రేలో) మొలిపించి మార్చితే మొక్క బతుకుతుంది కానీ తల్లివేరు కొస తెగిపోతుంది, దుంప వంకర్లు పోతుంది. గుండ్రని రకాలు ఒక్కటే దీనికి కాస్త మినహాయింపు.

విత్తే ముందురోజు మడిని అడుగు లోతు తడిసేలా తడపండి. మర్నాడు 25-30 సెం.మీ. దూరంలో వేలితో గీతలు గీయండి. లోతు అర సెంటీమీటర్ నుంచి ఒక సెంటీమీటర్, అంతకు మించొద్దు. గీతలో మళ్లీ నీళ్లు పోసి, తడి మీద గింజలు వేయండి. పొడి గింజల్ని వాటికి నాలుగైదింతలు పొడి ఇసుకతో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడకుండా పలచగా పడతాయి. పైన మట్టి కప్పొద్దు, చివికిన కంపోస్టో, కోకోపీటో (కొబ్బరి పీచు పొట్టు) జల్లెడ పట్టి సన్నగా కప్పండి. మట్టి కప్పితే ఎండకు పెంకు కట్టి, దారంలాంటి మొలక దాన్ని పగలగొట్టుకుని రాలేదు. అరచేత్తో మెల్లగా అదమండి.

ఇప్పుడు అసలు పని. మడి మీద తడిపిన గోనెపట్టా పరవండి, లేదా వరుస మీద చెక్క పలక పెట్టండి. రోజుకి రెండుసార్లు, ఎండ గట్టిగా ఉంటే మూడుసార్లు, గోనె మీదే సన్నటి జల్లుగా నీళ్లు చిలకరించండి. పైపు పెట్టి పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. ఐదో రోజు నుంచి రోజూ ఉదయం గోనె ఎత్తి చూడండి. ఒకటి రెండు తెల్లటి మొలకలు కనిపించిన రోజే సాయంత్రం గోనె తీసేయాలి. రేపు తీద్దాంలే అనుకుంటే మొలకలు గోనెలోకి అల్లుకుపోయి, తీసేటప్పుడు వేళ్లతో సహా వచ్చేస్తాయి. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

కొందరు క్యారెట్ గింజల్లో పదింట ఒక వంతు ముల్లంగి గింజలు కలుపుతారు. ముల్లంగి నాలుగు రోజుల్లో మొలిచి వరుస ఎక్కడుందో చూపిస్తుంది, పైపెంకు పగలగొడుతుంది, నెల తిరక్కుండానే కోతకొచ్చి చోటు ఖాళీ చేస్తుంది. మంచి ఉపాయమే. ముల్లంగిని సమయానికి పీకకపోతే మాత్రం క్యారెట్‌ని నీడలో తొక్కేస్తుంది.

మట్టిపూత పూసిన గుళికల్లాంటి గింజలు కూడా దొరుకుతాయి. ఒక్కొక్కటిగా వేసుకోవచ్చు కాబట్టి పని తేలిక. అయితే ఆ పూత ఒకసారి తడిశాక మళ్లీ ఆరితే గట్టిపడి గింజని లోపలే బిగించేస్తుంది. ఇవి పాతబడేదీ తొందరగానే. ఏడాది దాటినవి కొనకండి.

ఒత్తు మొక్కలు తీయడం: మనసు రాని పని

మొక్కలు రెండు అంగుళాల ఎత్తు రాగానే, మొదటి అసలు ఆకు ఈక లాగా విచ్చుకున్నాక, మొక్కకి మొక్కకి 2-3 సెం.మీ. ఉండేలా పలచన చేయండి. మరో మూడు వారాలకు 5-7 సెం.మీ. దూరం మిగిలేలా రెండోసారి. రెండోసారి తీసినవి వేలంత లేత క్యారెట్లు, పారేయాల్సినవి కావు.

పీకడం కన్నా చిన్న కత్తెరతో నేల మట్టానికి కత్తిరించడం మేలు. పీకితే పక్క మొక్క వేరు కూడా కదులుతుంది. చల్లని దేశాల్లో క్యారెట్ ఈగ బెడద ఉన్నవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. నలిగిన ఆకుల వాసన పట్టుకుని ఆ ఈగ వచ్చి మొక్క మొదలు దగ్గర గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు దుంపలో సొరంగాలు తవ్వుతాయి. సాయంత్రం పూట పలచన చేసి, కత్తిరించిన ఆకంతా అక్కడి నుంచి తీసేసి, వెంటనే నీళ్లు పెట్టాలి. మడి మొత్తాన్ని సన్నటి వలతో కప్పేస్తే ఇక టెన్షన్ లేదు.

ఒత్తు తీయకపోతే ఏమవుతుందని ఒక వరుస వదిలేసి చూశాను. ఆకు నిండుగా కనిపించింది. పీకితే ఒకదానికొకటి మెలిపడిన పురికొసలు వచ్చాయి.

తర్వాత చేయాల్సింది తక్కువే. మొదటి నెలన్నర కలుపు రానివ్వకండి, ఎందుకంటే క్యారెట్ ఆకు సన్నం, నీడ పడదు, కలుపుతో పోటీపడలేదు. నీళ్లు మొదట్లో తరచుగా కొద్దికొద్దిగా, ఆకు గుబురయ్యాక వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా. మడిని పూర్తిగా ఎండబెట్టి ఒక్కసారిగా ముంచెత్తితే దుంప నిలువునా పగులుతుంది. భుజాలు మట్టి పైకి తేలితే ఎండ తగిలి పచ్చబడి చేదెక్కుతాయి. నెలకోసారి గొప్పు తవ్వి మట్టి ఎగదోయండి.

రంగు బాగా పట్టేది 16-21 డిగ్రీల మధ్య. అంతకన్నా వేడిలో దుంపలు పొట్టిగా, పాలిపోయి, గరుకు రుచితో వస్తాయి. అది మీ తప్పు కాదు, కాలం తప్పింది.

సెలరీ నారు

ఇక్కడ ఓపిక ఎక్కువ కావాలి, అందుకే అంకెలు వేసి వరుసగా చెబుతున్నాను.

1. గింజల్ని ఒక గుడ్డలో వదులుగా మూటకట్టి రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టండి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. బయట వేడిగా ఉంటే నానాక అదే తడి గుడ్డలో ఐదారు రోజులు ఫ్రిజ్‌లో, కూరగాయల అరలో పెట్టండి. వేడికి నిద్రపోయే గుణాన్ని ఇది చాలావరకు విరుస్తుంది.

2. ట్రేలో జల్లెడ పట్టిన కోకోపీట్, వర్మీకంపోస్ట్ మిశ్రమం నింపి, అడుగు నుంచి నీళ్లు పీల్చుకునేలా పళ్లెంలో ఉంచి తడపండి. పైభాగం చదునుగా ఉండాలి.

3. తడి గింజల్ని కాస్త పొడి ఇసుకలో దొర్లించి మిశ్రమం మీద చల్లండి. పైన ఏమీ కప్పకండి. సెలరీ గింజకు మొలవడానికి వెలుతురు కావాలి. లోతుగా పాతిన సెలరీ రాకపోవడానికి సగం కారణం ఇదే. వేలితో మెల్లగా నొక్కి మిశ్రమానికి అంటిస్తే చాలు.

4. పారదర్శకమైన మూతో, ప్లాస్టిక్ కాగితమో కప్పి, నేరుగా ఎండ పడని వెలుతురులో, 18-21 డిగ్రీల చోట పెట్టండి. రాత్రి ఇంకాస్త చల్లబడితే ఇంకా మంచిది. పైతడి ఆరుతుంటే స్ప్రే చేయండి.

5. రెండు మూడు వారాల్లో ఆవగింజంత ఆకులు కనిపిస్తాయి. వెంటనే మూత తీసి గాలి ఆడనివ్వండి. మూత ఉంచేస్తే నారు కుళ్ళు తెగులు వస్తుంది. మొలకలు నేల మట్టం దగ్గర నల్లబడి పడిపోతాయి, ఒక మూల మొదలై రెండు రోజుల్లో ట్రే అంతా తుడిచిపెట్టేస్తుంది. అప్పటి నుంచి నీళ్లు కింది నుంచే ఇవ్వండి.

6. మొదటి రెండు అసలు ఆకులు వచ్చాక ఒక్కొక్క మొక్కని చిన్న కప్పులోకి మార్చండి. ఆకు పట్టుకుని ఎత్తాలి, కాండం పట్టుకుంటే నలిగిపోతుంది. వారానికోసారి వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి తీసే ద్రవం) లాంటి ద్రవ ఎరువును సగానికి సగం పలచన చేసి ఇవ్వండి.

పెరుగుదల విసుగొచ్చేంత నెమ్మది. నెల తర్వాత కూడా నారు ఒకటిన్నర అంగుళాలే ఉంటే కంగారుపడి యూరియా పోయకండి. అలా పోసి ఒక బ్యాచ్ మొత్తం మాడ్చుకున్నాను.

నాటడం, సాకడం

మొక్కకు ఐదారు ఆకులు వచ్చి, 10-12 సెం.మీ. ఎత్తయ్యాక నాటాలి. అంతకు వారం పది రోజుల ముందు నుంచి బయటి గాలికి అలవాటు చేయండి. మామూలుగా నారును చలికి పెట్టి గట్టిపరుస్తారు, సెలరీకి ఆ పని చేస్తే పూత కాడ తన్నుతుందని ముందే చెప్పుకున్నాం. నీళ్లు కాస్త తగ్గించి గట్టిపరచండి.

మడిలో ఎరువు విషయంలో ఇక్కడ చెయ్యి విప్పండి. సెలరీ పుట్టుక నీటి ఒడ్డున, చిత్తడి నేలల్లో. దాని వేళ్లు ఎక్కువగా పై 15-20 సెం.మీ. లోనే ఉంటాయి, లోతుకి వెళ్లి వెతుక్కోవడం దానికి తెలియదు. కంపోస్టు నాలుగు వేళ్ల మందం వేసి పైమట్టిలో కలపండి. మొక్కకి మొక్కకి 25-30 సెం.మీ. దూరం ఇవ్వండి. తమంతట తాము తెల్లబడే లేత పసుపు రకాల్ని మాత్రం వరుసల్లో కాకుండా 22-25 సెం.మీ. దూరంలో గళ్లుగా, ఒక చదరంలా నాటితే ఒకదాని నీడ ఒకదానికి పడి కాడలు లేతగా వస్తాయి. ట్రేలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటండి. చిగురు మీద మట్టి పడితే కుళ్లిపోతుంది. గడ్డ సెలరీకి ఇది మరీ ముఖ్యం. గడ్డ ఊరే కొద్దీ చుట్టూ మట్టి పక్కకు తీసి, పక్క వేళ్లు, ముదురు ఆకులు తెంపుతూ ఉండాలి.

నీళ్లు వారానికి చదరపు మీటరుకు 25 నుంచి 40 లీటర్లు లెక్కేసుకోండి, అదీ రెండు మూడు దఫాలుగా. పైన మూడు వేళ్ల మందం ఎండుగడ్డి మల్చింగ్ పరిస్తే నా లెక్కలో సగం శ్రమ తగ్గుతుంది. ఒకసారి నీళ్లెద్దడి తగిలిన సెలరీ కాడ లోపల బోలుపడుతుంది, పీచు తేలుతుంది. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ కాడ మళ్లీ లేతగా మారదు. మూడు వారాలకోసారి పైఎరువుగా పిడికెడు కంపోస్టు, లేదా ద్రవ ఎరువు ఇవ్వాలి.

నడి చిగురు నల్లబడి కుళ్లుతుంటే అది పురుగు కాదు, తెగులూ కాదు. చిగురుకి కాల్షియం అందడం లేదు. మట్టిలో కాల్షియం ఉన్నా, నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అవుతుంటే అది చిగురు దాకా చేరదు. ముందు నీళ్ల క్రమం సరిచేయండి, సున్నం గురించి తర్వాత ఆలోచించొచ్చు. కాడల మీద అడ్డంగా గోధుమ రంగు పగుళ్లు కనిపిస్తే బోరాన్ లోపం. బోరాన్ మందు మోతాదు కాస్త మించినా విషమే కాబట్టి, ప్యాకెట్ మీద రాసినంతకు మించి చిటికెడు కూడా వేయకండి.

పచ్చ రకాల కాడలు చేదు తగ్గి లేతగా రావాలంటే కోతకు రెండు మూడు వారాల ముందు కాడల చుట్టూ మందపాటి అట్టముక్కో, రెండు మూడు పొరల కాగితమో చుట్టి దారంతో వదులుగా కట్టండి. పై ఆకులు బయటే ఉండాలి. పూర్వం కాలువ తవ్వి అందులో నాటి, పెరిగేకొద్దీ మట్టి పూడ్చేవాళ్లు. కాడల మధ్య ఇసుక చేరి కడగలేక చావడం తప్ప అందులో అదనపు లాభం నాకు కనిపించలేదు.

పురుగూ పుట్రా

రెండింటికీ పేనుబంక వస్తుంది. జోరుగా నీళ్లు కొట్టి రాల్చినా, వేపనూనె స్ప్రే చేసినా లొంగుతుంది. సోంపు, కొత్తిమీరల మీద కూడా కనిపించే చారల గొంగళిపురుగులు ఒకటీ అరా ఉంటే చేత్తో ఏరేయండి.

క్యారెట్ పీకినప్పుడు చీలికలతో పాటు సన్న వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే అది రాళ్ల వల్ల కాదు, నులిపురుగుల వల్ల. ఆ మడిలో కొన్నేళ్లు క్యారెట్ వేయకుండా బంతి మొక్కలు దట్టంగా పెంచి దున్నేయడం నయం.

సెలరీ ఆకుల మీద గోధుమ మచ్చలు, మచ్చల్లో నల్లటి చుక్కలు ఉంటే అది గింజ ద్వారా వచ్చే ఆకుమచ్చ తెగులు. సొంత గింజలు వాడేవాళ్లు విత్తే ముందు 50 డిగ్రీల వేడినీళ్లలో 25 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లార్చి ఆరబెట్టుకుంటే చాలావరకు ఆగుతుంది. థర్మామీటర్ లేకుండా అంచనా మీద చేయకండి, గింజలు ఉడికిపోతాయి. మొక్కలకు నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి.

ఇంకొక జాగ్రత్త మన ఒంటి గురించి. సెలరీ ఆకు రసం చర్మానికి అంటి, దాని మీద ఎండ పడితే కొందరికి బొబ్బలు లేస్తాయి. తెగులు పట్టిన మొక్కల్లో ఆ రసాయనాలు ఇంకా ఎక్కువ. ఎండలో కోత కోసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్ వేసుకోండి.

కోత

క్యారెట్ తయారైందో లేదో తెలుసుకోవడానికి వేలితో మొదలు దగ్గర మట్టి తప్పించి చూడండి. భుజం రెండు సెంటీమీటర్లు దాటితే పీకొచ్చు. ముందురోజు మడి తడిపితే విరగకుండా వస్తాయి. పీకగానే ఆకుల్ని మెలితిప్పి తెంపేయాలి. ఆకుతో ఉంచితే చూడ్డానికి అందమే కానీ ఆకు దుంపలో నీళ్లన్నీ లాగేసి సాయంత్రానికి వడలబెడుతుంది. కడగకుండా, తడి ఆరకుండా ఫ్రిజ్‌లో పెడితే నెలలు నిలుస్తాయి. ఆపిల్ పండ్ల పక్కన మాత్రం పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు క్యారెట్ చేదెక్కుతుంది.

సెలరీని మొదలంటా ఒకేసారి కోయాల్సిన పని లేదు. బయటి కాడలు అడుగు ఎత్తయ్యాక ఒక్కొక్కటి వంచి విరుచుకుంటూ పోతే లోపలి నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. ఉదయం చల్లని వేళ కోసి, చల్లటి నీళ్లలో నిలబెడితే బిర్రుగా ఉంటాయి.

సొంత గింజలు

రెండూ మామూలుగా రెండేళ్ల మొక్కలు. మొదటి ఏడు దుంపో కాడో కడతాయి, చలి తిన్నాక రెండో ఏడు పూస్తాయి. క్యారెట్లయితే అన్నీ పీకి, ఆకారం, రంగు బాగున్నవి ఏరి, ఆకులు అంగుళం మిగిల్చి మళ్లీ నాటాలి. ఒకటి రెండు మొక్కల నుంచి గింజ తీస్తే తరం మారేకొద్దీ బలం తగ్గిపోతుంది. పదులకొద్దీ మొక్కలు కావాలి. తేనెటీగలు అడవి క్యారెట్ పుప్పొడి తెచ్చి కలిపితే వచ్చే తరం తెల్లటి, పీచు వేర్లుగా మారుతుంది. సంకర (హైబ్రిడ్) రకాల గింజలు దాచడం దండగ.

తొందరపడి మొదటి ఏడే పూసిన మొక్కల నుంచి గింజ అస్సలు తీయకండి. సులువుగా దొరికిందని తీస్తే, తొందరగా పూసే గుణాన్నే మనం ఏరి పెంచినట్టవుతుంది.

నడిమధ్య పూసిన మొదటి గొడుగు గింజలే గట్టివి. అది గోధుమ రంగుకి తిరిగి ముడుచుకున్నాక కోసి, నీడలో ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి నూగు రాల్చండి. మూత బిగుతుగా ఉండే సీసాలో, చల్లటి పొడి చోట క్యారెట్ గింజ మూడేళ్లు, సెలరీ ఐదేళ్ల దాకా పనికొస్తుంది. సీసా మీద ఏడాది రాసి అతికించండి. పాత గింజ మీద అనుమానముంటే తడి కాగితంలో 20 గింజలు చుట్టి రెండు వారాలు చూడండి. 15 మొలిస్తే మామూలుగా, 8-10 మొలిస్తే రెట్టింపు చల్లండి. అంతకన్నా తక్కువైతే కొత్త ప్యాకెట్ కొనుక్కోవడమే.